కుందేలుకు తోడు

ఆ సోమవారం ప్రార్థన అయ్యాక మా ల్యాబ్ గదిలో ఉన్నవాళ్లు, ఉన్నవి ఇవి: తొమ్మిదో తరగతి వొకేషనల్ పిల్లలు పద్నాలుగు మంది. నేను. కట్లు కట్టడం నేర్పడానికి వాడే బట్టకుక్క ఒకటి, కుడి చెవి ఊడిపోయింది. వంటింట్లో వాడే డిజిటల్ తూకం. థర్మామీటర్. కిటికీ పక్కన బల్ల మీద ఇనుప పంజరం. పంజరంలో రెండు కుందేళ్లు. వాటిలో ఒకటి బతికి ఉంది.

రెండూ ఆడవే, రెండూ తెల్లవే. ఒకదాని ఎడమ చెవి మీద బూడిదరంగు మచ్చ ఉండేది. మచ్చ లేనిది పోయింది. మచ్చది దాని వీపుకు తన పక్కను ఆనించి కూర్చుని ఉంది. దూరం నుంచి చూస్తే రెండూ రోజూలాగే ఉన్నాయి.

"సార్, అది పండుకున్నదా?" అని ముందు బెంచీ నుంచి ఒకడు అడిగాడు.

"లేదు. చనిపోయింది" అన్నాను.

దాన్ని వెంటనే బయటికి తీయలేదు. జంటలో ఒకటి పోతే, శవాన్ని రెండోదాని దగ్గర కాసేపు ఉంచాలని నేను చదువుకున్నాను. బతికి ఉన్నది వాసన చూస్తుంది, ముక్కుతో తోస్తుంది, చివరికి తానే దూరం జరుగుతుంది. ఆ వీలు ఇవ్వకపోతే తర్వాత చాలాకాలం వెతుక్కుంటుంది. ఇదే పిల్లలకు చెప్పాను. ఎవరూ నోట్సులో రాసుకోలేదు. రాసుకోమని నేనూ అనలేదు.

వెనక బెంచీలో ఆటో డ్రైవర్ కొడుకు ఒకడు ఉంటాడు. ప్రతి మాటకూ ఒక మాట వేస్తాడు. ఆరోజు కూడా అన్నాడు: "మా నాయనమ్మ పోయిన రోజు మా తాతను గూడ గిట్లనే పక్కకు కూసోవెట్టిన్రు సార్. ఎవరన్న లేపుతే మళ్ల పోయి గాడనే కూసున్నడు."

ఎవరూ నవ్వలేదు. వాడూ నవ్వించడానికి అనలేదని అప్పుడు అర్థమైంది.

రెండో పీరియడ్ గంట కొట్టేదాకా మచ్చది కదల్లేదు. తర్వాత చనిపోయినదాని చెవులు నాకింది, పొట్ట కిందికి ముక్కు పెట్టి ఒకసారి తోసింది, పంజరం ఇంకో మూలకు పోయి గోడ వైపు తిరిగి కూర్చుంది. అప్పుడు తీశాను. నీళ్లు, మేత, వేడి, పళ్లు, పెంటికలు అన్నీ చూశాను. ఏదీ తేడాగా లేదు. రికార్డులో కారణం దగ్గర 'తెలియదు' అని రాశాను. మధ్యాహ్నం బడి వెనక వేపచెట్టు కింద పూడ్చాం.

సాయంత్రం హెడ్ మేడం పిలిచారు. ఎంతసేపు నిలబడి ఉన్నా కూర్చోమని అనని మనిషి. ఆరోజు కూర్చోమన్నారు.

"సార్, ఇంక జీవాలు వద్దు. పొద్దుగాల నుంచి ముగ్గురు తల్లులు ఫోన్ జేసిన్రు, ఏం రోగమొచ్చింది, మా పిల్లలకు అంటుతదా అని. మీ సిలబస్‌ల జీవమే ఉండాల్నని రాసున్నదా?"

"చూపించి నేర్పాలె అని ఉంది మేడం."

"బొమ్మ ఉన్నది గద. దానికే కట్టుండ్రి కట్లు. అదైతే సావది."

"మిగిలింది ఒకటి ఉన్నది మేడం."

ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మీరే తీస్కపోండ్రి. మీరు ఒక్కరే ఉంటరు గద."

నా చదువు పశుసంవర్ధక డిప్లొమా. మా బ్యాచ్ వాళ్లు పాల కేంద్రాలకు, కోళ్ల ఫారాలకు, మందుల కంపెనీలకు వెళ్లారు. నాకు పాతబస్తీలోని ఈ సర్కారు బడిలో ట్రైనర్ పని దొరికింది. నేను చెప్పేది కుక్క, పిల్లి, కుందేలు, పక్షి, చేప: మనిషి ఇష్టంతో ఇంట్లో ఉంచుకునే జంతువుల శాస్త్రం, వాటి సంరక్షణ. పుస్తకం ఇంగ్లిష్‌లో ఉండేది. నేను తెలుగులోకి మార్చుకుని చెప్పేవాణ్ని. మొదటి పదం దగ్గరే ఆగిపోయాను. కంపానియన్ యానిమల్. 'పెంపుడు జంతువు' అందామంటే గేదె, మేక, కోడి కూడా పెంపుడువే. 'సహచర జంతువు' అంటే పిల్లలు చదవగలరు కానీ ఇంటికెళ్లి ఎవరికీ చెప్పలేరు. చివరికి బోర్డు మీద 'తోడు జంతువు' అని రాశాను. పాల కోసం, మాంసం కోసం, కాపలా కోసం కాక తోడు కోసం ఉంచుకునేది అని చెప్పాను.

కుందేలు పోకముందు పెట్టిన మొదటి యూనిట్ టెస్టులో మొదటి ప్రశ్న అదే. అందరూ నా వాక్యాన్నే నాకు తిరిగి ఇచ్చారు. గౌలిపుర నుంచి వచ్చే ఒక అమ్మాయి మాత్రం ఇలా రాసింది: "ఒక జంతువు ఉన్నకాడ కొంచెం వేసే ఇంకొక జంతువును తోడు జంతువు అంటారు. గోరువెచ్చగ ఉన్నప్పుడే వేయాలి. వేసినాక కదిలించరాదు."

ఎన్నిసార్లు చదివినా నాకు అంతుపట్టలేదు. తర్వాత వాళ్ల ఇంటి సంగతి గుర్తొచ్చింది. వాళ్లది గేదెల ఇల్లు. ఇప్పటికీ పొద్దున పాలు పితికి చుట్టుపక్కల గల్లీలకు పోస్తారు. ఆ ఇంట్లో తోడు అంటే పాలు పెరుగు కావడానికి వేసే చుక్క. నేను బోర్డు మీద అర్థం చెప్పిన రోజు ఆమె బడికి రాలేదు, గేదె ఈనిందట. పక్కపిల్ల పుస్తకంలో ఆ రెండు పదాలు మాత్రం చూసుకుని, తనకు తెలిసిన తోడుతో జవాబు రాసింది.

పేరు చెప్పకుండా తరగతిలో చదివాను. ఆటో డ్రైవర్ కొడుకు లేచాడు. "సార్, కుక్కల తోడేస్తే పొద్దుగాల్లకు గట్టిపడ్తదా?"

గది అంతా నవ్వింది. అమ్మాయి తల దించుకోలేదు. "నేనే రాసిన. పాకెట్ పెరుగు తినేటోనివి, నీకేం ఎరుక తోడంటే."

"నీకెరుకైతే చెప్పు మరి. ఎంతెయ్యాలె?"

"కొంచమే. ఎక్కువేస్తే పులుస్తది. నీ మాటల లెక్క."

ఈసారి నవ్వు వాడి మీదికి తిరిగింది. నేను ఆ జవాబుకు సగం మార్కు వేశాను. ఆమె పేపర్ పట్టుకుని బల్ల దగ్గరికొచ్చింది. సగం ఎందుకని అడిగింది. తప్పే గానీ ఒక అర్థం ఉందన్నాను. "అర్థం ఉంటే తప్పెట్లయితది సార్?" అంది. నేను ఏదో చెప్పాను, ఏం చెప్పానో గుర్తులేదు. మార్కు మాత్రం మార్చలేదు.

కిషన్‌బాగ్‌లో నా గది రెండో అంతస్తులో. మొదట ముగ్గురం కలిసి తీసుకున్నాం. ఒకడు గచ్చిబౌలి వైపు ఉద్యోగం వచ్చి వెళ్లాడు, ఇంకొకడు వాడి వెనకే వెళ్లాడు. మంచాలు తీసుకుపోలేదు. నేను కిటికీ పక్క మంచం మీద పడుకుంటాను. నడిమి మంచం మీద ఇస్త్రీ చేయాల్సిన బట్టలు ఉంటాయి. గోడ పక్క మంచం ఖాళీ. పంజరం దాని మీద పెట్టాను.

కింద ఉండే ఇంటి ఓనర్ పెద్దాయన మెట్ల దగ్గర ఆపాడు. "కుత్తా తో నై లాయే నా?"

కుక్క కాదు చాచా, కుందేలు అన్నాను.

"ఖర్గోష్ అచ్ఛా హై. ఆవాజ్ నై కర్తా" అని లోపలికి వెళ్లిపోయాడు.

కుందేలు చప్పుడు చేయదన్న మాట నిజమే. నేనూ చేసేవాణ్ని కాదు. అంతకుముందు బడి విడిచాక మర్నాడు బడి తెరిచేదాకా నేను మాట్లాడే మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆకుకూరల బండి దగ్గర రెండు, హోటల్లో రెండు, మెట్ల మీద సలాం ఒకటి. కుందేలు వచ్చాక గదిలో నా గొంతు వినపడటం మొదలైంది. ముందు బరువు మాత్రం చెప్పేవాణ్ని, బడి నుంచి పంజరంతో పాటు తెచ్చుకున్న తూకం మీద కనిపించిన అంకె దానికి చదివి వినిపించినట్టు. తర్వాత తరగతిలో ఏం జరిగిందో చెప్పేవాణ్ని. ఆటో డ్రైవర్ కొడుకు అన్న మాట చెప్పి నేనే నవ్వేవాణ్ని. అది చెవులు నా వైపు తిప్పేది. కుందేలు చెవులు ఏ చప్పుడు వైపైనా తిరుగుతాయని నాకు తెలుసు.

కొత్తిమీర కట్ట ఒకటి ఎక్కువ కొనేవాణ్ని. సాయంత్రం బస్సు కోసం ఆగకుండా ఆటో ఎక్కేవాణ్ని. తాళం తీస్తుంటే లోపల అది వెనక కాలు పంజరం పలక మీద కొట్టిన చప్పుడు వినపడేది. భయపడితే కుందేలు అలా కొడుతుంది. నేను చాలారోజులు దాన్ని రమ్మని పిలిచినట్టే విన్నాను.

నాకు బాగున్న ఆ రోజుల్లోనే దాని బరువు తగ్గుతూ వచ్చింది.

రెండూ ఉన్నప్పుడు అది రెండు వేల నలభై గ్రాములు తూగేది. పద్దెనిమిది వందల ముప్పైకి తగ్గితే ప్రమాదం అని గీత పెట్టుకున్నాను, పదో వంతు లెక్కన. కుందేలు పేగు ఆగకుండా పనిచేస్తూనే ఉండాలి. తిండి మానేస్తే పేగు ఆగుతుంది, పేగు ఆగితే కుందేలు బతకదు. మొదటి వారం పంతొమ్మిది వందల ఎనభై. తర్వాత పంతొమ్మిది వందల ఇరవై. గరిక మార్చాను, ఎండుగడ్డి మార్చాను, మేత పెట్టే చోటు మార్చాను. పళ్లు మళ్లీ చూశాను. పెట్టిన దాంట్లో సగం అలాగే ఉండేది.

అప్పుడే పాఠాల వరసలో గుంపుగా బతికే జంతువులు అనే అధ్యాయం వచ్చింది. వాయిదా వేయడానికి కారణం దొరకలేదు. బోర్డు మీద రాశాను: గినీపిగ్, కుందేలు, చిన్న చిలుకలు ఒంటరిగా పెంచకూడదు. మనిషి ఎంత ప్రేమగా చూసినా వాటి జాతి తోడుకు బదులు కాడు.

గౌలిపుర అమ్మాయి చేయి ఎత్తింది. "మరి మన మచ్చది?"

"నా దగ్గర ఉంది."

"ఒక్కతేనా?"

"నేనున్న గద."

"మీరు బోర్డు మీద రాసిన్రు గద సార్, మనిషి బదులు గాదని."

వెనక నుంచి ఆటో డ్రైవర్ కొడుకు అందుకున్నాడు. "ఏ, ఊకో. సార్ గూడ ఒక్కరే ఉంటరు. సార్‌కేమన్న అయిందా?"

"సార్ బరువు జూసినవా నువ్వు?" అని అమ్మాయి వెనక్కి తిరిగి అంది.

పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను. డస్టర్ తీసుకుని బోర్డు తుడిచాను. పాఠం ఇంకా కాలేదు.

ఆ సాయంత్రం పంజరంలో ఒక అద్దం కట్టాను. కొన్ని కుందేళ్లు అద్దం పక్కన కుదురుగా ఉంటాయని చదివాను. మచ్చది అద్దం వెనక్కి వెళ్లి చూసింది, మళ్లీ ముందుకు వచ్చింది, ఇంక దాని వైపు పోలేదు. మర్నాడు బడి నుంచి బట్టకుక్కను తెచ్చి పంజరంలో పెట్టాను. కుందేలు దాన్ని చాలాసేపు వాసన చూసింది. తర్వాత ఒక చెవి లేని ఆ కుక్క వీపుకు తన పక్కను ఆనించి కూర్చుంది. ఆ సోమవారం కూర్చున్నట్టే. నేను కుక్కను తీసేశాను.

వారం చివర తూకం పద్దెనిమిది వందల డెబ్బై చూపించింది.

అమ్మాయి ల్యాబ్ గదిలో థర్మామీటర్ కడుగుతూ చెప్పింది. "మా కొట్టంల ఒక ఆడకుందేలు ఉన్నది సార్. దాని జోడిని పిల్లి పట్టుకపోయింది. నాయన జాలీ కొట్టిండు ఇప్పుడు, పిల్లి రాదు. మచ్చదాన్ని గాడికి తేండ్రి."

నేను కారణాలు చెప్పాను. రెండు ఆడవి ఒకచోట పెడితే కొట్టుకోవచ్చు. దానికి ఏ జబ్బున్నా దీనికి అంటొచ్చు, ముందు పరీక్ష చేయాలి. కొట్టంలో గేదెల మూత్రం వాసన కుందేలు ముక్కుకు మంచిది కాదు. చోటు మారితే ఇంకా తినదు. పరీక్షలు దగ్గర పడుతున్నాయి. అన్నీ సరైన కారణాలే. పుస్తకంలో ఉన్నవే, చివరిది తప్ప.

ఆమె థర్మామీటర్ తుడిచి డబ్బాలో పెట్టింది. "ఇయ్యబుద్ధి కాకపోతే ఇయ్యకుండ్రి సార్. గింత లొల్లెందుకు."

ఆ మాటకు కోపం వచ్చింది. ఇంటికి వెళ్లేదాకా ఉంది. గదిలో తాళం తీశాను. లోపల కాలు కొట్టిన చప్పుడు రాలేదు. పొద్దున పెట్టిన కొత్తిమీర వాడి, పెట్టిన చోటే ఉంది. కుందేలును ఎత్తి తూకం మీద పెట్టాను. పద్దెనిమిది వందల నలభై. దానికి ఆ అంకె చదివి వినిపించలేదు.

ఆదివారం పొద్దున మందుల అట్టపెట్టెకు గాలి కోసం రంధ్రాలు చేసి, అందులో దాన్ని పెట్టుకుని గౌలిపుర వెళ్లాను. ఆటో గుంతలో పడ్డప్పుడల్లా పెట్టె అడుగున చేయి పెట్టి ఉంచాను. వాళ్ల ఇల్లు సన్నటి గల్లీ చివర ఉంది. ముందు రెండు గదులు, వెనక రేకుల కొట్టం. ఒకప్పుడు నలభై గేదెలు ఉండేవట, ఇప్పుడు ఐదు. నేల కడిగి ఉంది. జాలీ కొట్టిన మూలలో గోధుమరంగు కుందేలు. అది కూడా గోడ వైపు తిరిగే కూర్చుని ఉంది. చెవులు, కళ్లు, పాదాలు, చర్మం పరీక్ష చేశాను. జబ్బేమీ లేదు.

పద్ధతి నాకు తెలుసు. మొదట రెండింటినీ ఎదురెదురుగా, మధ్య జాలీ ఉండేలా ఉంచాలి. రోజూ ఒకదాని కింది గడ్డి ఇంకోదాని కింద వేయాలి, వాసన అలవాటవుతుంది. తర్వాత రెండింటిదీ కాని చోట కాసేపు కలపాలి, బాగున్నప్పుడే విడదీయాలి. మర్నాడు ఇంకొంచెం సేపు. ఇదంతా చెప్పాను. అమ్మాయి విని, "గదే గద, తోడేసుడు" అంది.

జాలీ మధ్య ఉంచిన రోజుల్లో బడి విడిచాక నేను అక్కడికే వెళ్లేవాణ్ని. గడ్డి మార్చడానికి నేనే అక్కరలేదు, ఆమె చేయగలదు. వెళ్లేవాణ్ని. వాళ్ల నాయనమ్మ నన్ను కొట్టం ముందున్న నులకమంచం మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చేది. మచ్చది అక్కడ రెండో రోజే మేత ముట్టుకుంది. జాలీకి ఇవతల ఇది, అవతల అది, ఒకే గరిక పోచను రెండు కొసల నుంచి తిన్నాయి. ఆ వారం దాని బరువు తగ్గలేదు.

మొదటిసారి కలిపింది కొట్టానికి, ఇంటికి మధ్య ఉన్న వాకిట్లో. పది నిమిషాలు చాలని నేనే అన్నాను. అవి దూరదూరంగా కూర్చున్నాయి, తర్వాత మచ్చది దగ్గరికి పోయి తల వంచింది, గోధుమది దాని నుదురు నాకింది. అప్పుడు తీసేయాలి. తీసేస్తే ఆ రోజుకు నా పని అయిపోతుంది, లేచి కిషన్‌బాగ్ వెళ్లాలి. నాయనమ్మ ఇంకో కప్పు చాయ్ పోస్తోంది, అమ్మాయి తండ్రి గేదెకు పొదుగువాపు వస్తే ఏం చేయాలని అడుగుతున్నాడు, నేను చెబుతున్నాను. బాగానే ఉన్నాయి కదా, ఉండనీ అనుకున్నాను. చాయ్ అయింది. పొదుగువాపు అయింది. గేదెలకొచ్చే గొంతువాపు గురించి మొదలుపెట్టాను.

గొంతువాపు మధ్యలో అరుపు వినపడింది. కుందేలు అరిస్తే పసిపిల్ల అరిచినట్టు ఉంటుంది. రెండూ ఒకటై గుండ్రంగా తిరుగుతున్నాయి, వాకిలంతా తెల్లబొచ్చు. నేను చేయి పెట్టబోతే అమ్మాయి నన్ను పక్కకు నెట్టి, రెండింటి మధ్య గడ్డి గంప దింపింది. మచ్చది చెవి కొసన చీరుకుపోయింది.

గాయం కడిగి మందు పెట్టాను. అమ్మాయి గంప ఎత్తుతూ అంది, "తోడు ఎక్కువేసిన్రు సార్."

"అవును."

నాయనమ్మ కప్పులు తీస్తూ నా వైపు చూసింది. "నీకు ఈడ ఎవ్వరు లేరా బిడ్డా?"

"ఉన్నరు" అన్నాను.

"ఉంటే మా కొట్టంల గింతసేపెందుకు కూసుంటవ్?"

అది ఎత్తిపొడుపు కాదు. ఆమె నిజంగానే అడిగింది. నేను మందు సీసా మూత బిగించాను.

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. జాలీ, గడ్డి మార్చడం. ఈసారి సమయం చూసుకునే పని అమ్మాయి తీసుకుంది. అయిదు నిమిషాలంటే అయిదే. "సార్, అయింది. లేవుండ్రి" అనేది, కుందేళ్లను కాదు, నన్ను. నేను లేచి వెళ్లేవాణ్ని. తర్వాత పది నిమిషాలు, తర్వాత ఇంకొంచెం. ఒక ఆదివారం వెళ్లేసరికి మధ్యలో జాలీ లేదు. మచ్చది పడుకుని ఉంది, గోధుమది దాని చీలిన చెవి పక్కన గడ్డం ఆనించి ఉంది. నేను కొట్టం గడప దగ్గరే ఆగాను.

"పొద్దుగాల్ల తీసిన సార్. మీకు చెప్తే మీరు ఇంకో వారం ఆగమంటరని."

ఆమె అన్నది నిజం. నేను ఆగమనేవాణ్ని.

తూకం ఆమెకు ఇచ్చేశాను. ప్రతి ఆదివారం రెండింటినీ విడివిడిగా తూచి నాకు చెప్పమన్నాను. ఒకదాని బరువు తగ్గుతుంటే కలిపి తూచితే తెలియదు, అందుకే విడివిడిగా అని రెండుసార్లు చెప్పాను. ఇంక నేను రానవసరం లేదని కూడా చెప్పాను. ఆమె సరే అంది. ఎందుకని అడగలేదు.

వెళ్లేటప్పుడు నాయనమ్మ చిన్న స్టీలు గిన్నె చేతిలో పెట్టింది. అందులో రెండు చెంచాల పెరుగు. "తోడుకు. పాకెట్ పెరుగు తింటవట, పిల్ల చెప్పింది. పాలు కాచి, వేలు వెడితే కాలకుండ సల్లారినంక వెయ్యి. గిన్నె మళ్లొచ్చినప్పుడు తే."

ఆమె చెప్పినట్టే చేశాను. పొద్దున చూసేసరికి గిన్నె వంచినా కదలనంత గట్టిగా తోడుకుంది. పొద్దున తిన్నాను, సాయంత్రం తిన్నాను, బాగుంది. మిగిలిన కాస్త మర్నాడు మధ్యాహ్నం అన్నంలో కలుపుకున్నాను. గిన్నె కడుగుతుంటే గుర్తొచ్చింది, తోడుకు ఒక చెంచా తీసి పెట్టాల్సింది. పాలు పొయ్యి మీద ఉన్నాయి. ఆ పాలతో చాయ్ పెట్టుకున్నాను. స్టీలు గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కాబట్టి కుందేళ్ల మేత గోలీలు నింపి తరగతిలో అమ్మాయికి ఇచ్చాను. ఇంకొంచెం తోడు అడగలేదు.

పంజరం ఇంకా గోడ పక్క మంచం మీదే ఉంది. ఆకుకూరల బండి ఆయన కొన్నాళ్లు అలవాటుగా రెండు కొత్తిమీర కట్టలు తీసేవాడు, ఒకటి తిరిగి పెట్టమనేవాణ్ని. తలుపు తాళం తీసేటప్పుడు ఒక్క క్షణం ఆగడం నాకు అలవాటయింది. తర్వాత లోపలికి వెళ్లేవాణ్ని. తరగతిలో బట్టకుక్కకు కట్లు కట్టించాను. ఆటో డ్రైవర్ కొడుకు దానికి ఊడిన చెవి కుట్టి తెచ్చాడు, నల్లగుడ్డతో. "కంపెనీది దొరకలే సార్, లోకల్‌ది" అన్నాడు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం అమ్మాయి వాళ్ల నాన్న ఫోన్ నుంచి చేసింది. వెనక గేదెల చప్పుడు, నాయనమ్మ ఎవరినో కేకలేస్తున్న చప్పుడు.

"సార్, తూకం కాడ లొల్లి అయితున్నది. మచ్చదాన్ని ఎక్కిస్తే అది గూడ వచ్చి ఎక్కుతున్నది. దాన్ని దింపితే ఇది గూడ దుంకుతున్నది. ఒక్కొక్కటి నిలుస్తనే లేవు. ఏం జెయ్యాలె?"

"తింటున్నయా?"

"మస్తు తింటున్నయ్."

"అయితే రెండూ కలిపి చూడు."

"గట్ల జూస్తే మన మచ్చది ఎంతున్నదో ఎట్ల తెలుస్తది సార్? మీరే అంటిరి గద."

"తెలియదు. కలిపే చెప్పు."

నేను పెన్ను తీసుకున్నాను. ఆమె ఫోన్ కింద పెట్టిన చప్పుడు, గోళ్లు తూకం పలక మీద గీసుకున్న చప్పుడు. తర్వాత నెమ్మదించింది. ఆమె అంకె చదివింది, నేను రాసుకున్నాను.

4,170 గ్రాములు.